ఒక్క నిలువు గీత

ఆ ప్రసూతి ఆసుపత్రి జీతాల పట్టీలో అతనికీ ఒక పేరుంది. ఆ పేరు పెట్టి పిలిస్తే మాత్రం, ఇంకెవర్నో పిలుస్తున్నారనుకుని అతనే వెనక్కి తిరిగి చూస్తాడు. పెద్ద డాక్టరమ్మ దగ్గర్నుంచి గచ్చు తుడిచేవాళ్ళ దాకా అందరికీ అతను ఫ్యూజు మావయ్య. చొక్కా జేబులో టెస్టరు, చెవి మీద పెన్సిలు, నోటినిండా కబుర్లు. మనిషి కాస్త పొట్టి కాబట్టి నిచ్చెన ఎప్పుడూ పక్కనే ఉంటుంది. యాభై దాటాక చాలామంది మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటారు. మావయ్య యాభై దాటాక అగ్గిపెట్టెంత బోర్డుతో, దాని మీదున్న చిప్పుతో మాట్లాడటం నేర్చుకున్నాడు. నేర్చుకుంటూ పప్పులో కాలేశాడు కూడా. ఆ కాలు కడుక్కుని మళ్ళీ నిలబడ్డాడు కాబట్టే అతని గురించి ఇంత చెప్పుకోవాల్సి వస్తోంది.

వైరింగు చేసే ప్రతివాడికీ తన పనిలో ఒక ముద్దుబిడ్డ ఉంటుంది. మావయ్యకి అది మెట్ల లైటు. ఆసుపత్రి మెట్ల దగ్గర కింద స్విచ్చు వేస్తే దీపం వెలుగుతుంది. పైకెళ్ళి అక్కడి స్విచ్చు వేస్తే ఆరుతుంది. మళ్ళీ ఏది కదిపినా మళ్ళీ వెలుగుతుంది. ఇళ్ళల్లో ఎక్కడైనా ఉండేదే, కాని మావయ్య దాన్ని లోకానికి తనే ఇచ్చినట్టు చెప్పేవాడు. కొత్తగా చేరిన నర్సు ఎవరు దొరికినా మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి చూపించాల్సిందే.

"చూశావా అమ్మాయ్! దీపం ఒకటే, స్విచ్చులు రెండు. రెండింట్లో దేనికదే రాజు."

"మా ఇల్లూ అంతేనమ్మా. రాజు ఎవరో ఇంకా తేలలేదు" అనేది అటుగా పోతున్న అత్తయ్య.

అత్తయ్య అంటే మావయ్య భార్య. అదే ఆసుపత్రిలో కింది అంతస్తు వార్డులో ఆయా. మావయ్య పెళ్ళాం కాబట్టి ఆవిడ అందరికీ అత్తయ్య అయి కూర్చుంది. ఎనిమిది మంచాల వార్డు ఆవిడది. ఏ బాలింతకి చలెక్కువ, ఏ బిడ్డ ఏ వేళకి ఏడుపందుకుంటుంది, ఏ అమ్మమ్మకీ ఏ నానమ్మకీ పడదు, అన్నీ ఆవిడ నోట్లోనే ఉండేవి. రోజూ భోజనాల దగ్గర ఆ కబుర్లు వింటూ మావయ్య రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు.

ఆ వార్డులో ప్రతి మంచం పక్కనా పిలుపు మీట ఒకటి ఉండేది. చిక్కల్లా ఏమిటంటే, ఎనిమిది మీటలకీ గంట ఒకటే. అది నర్సుల బల్ల మీద మోగేది. మోగితే ఎవరో పిలిచారని తెలుస్తుంది, ఎవరన్నది తెలియదు. ఆయా గుమ్మంలో నిలబడి "ఎవరమ్మా పిలిచింది?" అని కేకెయ్యాలి. ఓపికున్నవాళ్ళు చెయ్యెత్తుతారు.

ఒక మధ్యాహ్నం గంట మోగింది. అత్తయ్య కేకేసింది. మంచినీళ్ళు కావాలని రెండో మంచం ఆవిడ చెయ్యెత్తింది. అత్తయ్య చెంబు పట్టుకుని అటు వెళ్ళింది. నిజానికి గంట కొట్టింది ఏడో మంచం పిల్ల. కుట్ల నొప్పితో చెయ్యి లేపలేకపోయింది. పక్కన ఉయ్యాలలో బిడ్డ పాలు కక్కుకుని ఉక్కిరిబిక్కిరవుతోంది. అదృష్టం బావుండి, అప్పుడే లోపలికొచ్చిన నర్సు చూసి బిడ్డని ఎత్తుకుని వీపు తట్టింది. ఏమీ కాలేదు. కాని ఆ పిల్ల తల్లి ఊరుకోలేదు. మా అమ్మాయి గంట కొడితే ఆయా రాలేదని ఆసుపత్రి పైకప్పు లేచిపోయేలా అరిచింది.

పెద్ద డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు, కాని లెక్క దగ్గర లెక్కే. గంట మోగిందా? మోగింది. ఆయా వెళ్ళిందా? వెళ్ళలేదు.

"గంట మీద పేరు రాసుండదు కదమ్మా" అంది అత్తయ్య.

"నిజమే. కాని ఆ తల్లికి ఆ మాట చెప్పమంటారా?" అంది డాక్టరమ్మ. మర్నాటి నుంచి అత్తయ్యని వార్డులోంచి తీసి దుప్పట్ల గదిలో వేశారు. ఉతికొచ్చిన దుప్పట్లు మడతపెట్టి, లెక్కచూసి, అలమరల్లో సర్దే పని.

అత్తయ్య ఏడవలేదు, ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఇంట్లో భోజనాల దగ్గర మాత్రం నోరు విప్పడం మానేసింది. రెండు రోజులు చూసి మావయ్యే కదిపాడు.

"ఏమే, ఇవాళ కబుర్లేం లేవా?"

"దుప్పట్లకి కబుర్లేం ఉంటాయయ్యా?" అంది అత్తయ్య కంచంలోకి చూస్తూ.

ఆ మాటకి మావయ్యకి ముద్ద దిగలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి డాక్టరమ్మ గది తలుపు కొట్టాడు. తప్పు గంటది, మనిషిది కాదన్నాడు. ఏ మంచం నుంచి నొక్కితే ఆ మంచం దీపం బల్ల దగ్గర వెలిగేలా ఒక పెట్టె చేసిపెడతానన్నాడు. అది పనిచేస్తే తన భార్యని తిరిగి వార్డులోకి తీసుకోమన్నాడు.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి అతని వంక చూసింది. "వార్డులో ఒక్క పిలుపు కూడా పోకూడదు మావయ్యా. పోకపోతే ఆవిడ్ని నేనే పిలుస్తాను. పోయిందనుకోండి, కంపెనీ పెట్టె తెప్పించుకుంటాను. మళ్ళీ ఈ మాట నా దగ్గర ఎత్తకూడదు" అంది.

మావయ్య సరేనని బయటికొచ్చేశాడు. వచ్చాక గాని తెలిసిరాలేదు, ఒప్పుకున్నది ఎంత పనో. వేలు తీసేశాక కూడా దీపం వెలుగుతూనే ఉండాలి. అంటే పిలిచిన సంగతి ఎవరో గుర్తుపెట్టుకోవాలి. గుర్తుపెట్టుకోవడం తీగల వల్ల అయ్యే పని కాదు. పాతకాలపు రిలే స్విచ్చులతో చేద్దామంటే బీరువా అంత అవుతుంది. అప్పుడు గుర్తొచ్చింది మేనకోడలు.

మావయ్య చెల్లెలి కూతురు సైకిలు షాపు పైనున్న గదిలో ఆదివారాలు క్లాసు చెప్తుంది. బుల్లి బోర్డులకి ప్రోగ్రాములు రాసి దీపాలు వెలిగించడం, మోటార్లు తిప్పడం మొదలుపెట్టే కుర్రకారు అక్కడ చేరతారు. మావయ్య చెవి మీద పెన్సిలుతో లోపలికి అడుగుపెట్టగానే ఆ పిల్లలు ఏదో రిపేరుకి వచ్చాడనుకుని ఫ్యాను చూపించారు. మావయ్య ఫ్యాను వైపు ఒకసారి చూసి, బేరింగు పోయిందని చెప్పి, ముందు బల్ల మీద కూర్చున్నాడు.

మేనకోడలు నల్లబల్ల మీద ఎనిమిది గళ్ళు గీసింది. ఒక్కో గడి ఒక బిట్టు. అందులో ఒకటైనా ఉంటుంది, సున్నా అయినా ఉంటుంది. ఒకటంటే దీపం వెలిగినట్టు, సున్నా అంటే ఆరినట్టు.

"ఎనిమిది స్విచ్చుల బోర్డు" అన్నాడు మావయ్య వెంటనే.

"అంతే మావయ్యా. ఇప్పుడు కుడి చివరి గడిలో ఒకటి పెట్టాను. దీన్ని ఎడమవైపుకి ఎన్ని గళ్ళు కావాలంటే అన్ని గళ్ళు తొయ్యొచ్చు. షిఫ్ట్ అంటే అదే. ఖాళీ అయిన చోట సున్నా వచ్చి కూర్చుంటుంది. తోసి తోసి చివరి గడి దాటించావో, పడిపోతుంది. మళ్ళీ దొరకదు."

మావయ్యకి ఇది స్ట్రెచరు తోసినంత తేలిగ్గా తలకెక్కింది. ఎన్నో మంచమైతే అన్ని గళ్ళు తోస్తే సరి. ఇంట్లో బల్ల మీద ఎనిమిది మీటలు, ఎనిమిది చిన్న దీపాలు బిగించి, ప్రోగ్రాము ఎక్కించి, మొదటి మంచం మీట నొక్కాడు. రెండో దీపం వెలిగింది. రెండోది నొక్కితే మూడోది వెలిగింది. ఎనిమిదోది నొక్కితే ఏదీ వెలగలేదు. తీగలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. మళ్ళీ అదే వరస.

మేనకోడలు చూసి పడీపడీ నవ్వింది. "మొదటి మంచానికి అసలు తొయ్యక్కర్లేదు కదా మావయ్యా! ఒకటి అప్పటికే అక్కడుంది. నువ్వు అందర్నీ ఒక గడి ఎక్కువ తోశావు. ఎనిమిదో మంచం ఆవిడ గోడ దాటి వీధిలో పడింది."

"అయ్యో, బాలింతరాలే!" అన్నాడు మావయ్య. మంచం నంబరులోంచి ఒకటి తీసేసి తోస్తే ఎవరి దీపం వాళ్ళకి వెలిగింది.

తర్వాత ఇంకో తిరకాసు వచ్చింది. రెండో మంచం దీపం వెలుగుతుండగా మూడోది నొక్కితే రెండోది ఆరిపోతోంది. ప్రతిసారీ బోర్డంతా చెరిపి కొత్తగా రాస్తున్నావు, ఉన్నదాన్ని ఉంచి కొత్తదాన్ని కలపాలి అని చెప్పింది మేనకోడలు. దానికి ఆర్ అని ఒకటుంది. పాత బోర్డులో ఒకటి ఉన్నా, కొత్తదాంట్లో ఒకటి ఉన్నా, ఆ గడిలో ఒకటే. దాని గుర్తు ఒక నిలువు గీత.

మావయ్య ఇంటికెళ్ళి ఆ గీత పెట్టాడు. కాని జాయింటు మీద టేపు ఒక చుట్టుకి బదులు రెండు చుట్లు వేసే మనిషి కదా, పైగా క్లాసులో ఇంకెక్కడో రెండు గీతలు పక్కపక్కన చూసిన గుర్తు. గట్టిగా ఉంటుందని రెండు గీతలు పెట్టాడు. అంతే, ఎవరు నొక్కినా మొదటి మంచం దీపమే వెలగడం మొదలుపెట్టింది. ఐదోది నొక్కినా మొదటిదే, ఎనిమిదోది నొక్కినా మొదటిదే. మళ్ళీ అడిగితే మేనకోడలు మళ్ళీ నవ్వుతుందని రోషం అడ్డొచ్చింది. ఆర్ మంచిది కాదని తీర్మానించి ఊరుకున్నాడు.

ఆ పై ఆదివారం క్లాసులో మేనకోడలు ఎక్సార్ అని ఇంకోటి చెప్పింది. పాత గడీ కొత్త గడీ వేరువేరుగా ఉంటే ఒకటి, రెండూ ఒకేలా ఉంటే సున్నా. పిల్లలు బుర్రలు గోక్కుంటున్నారు. మావయ్య మాత్రం బల్ల మీంచి లేచి నిలబడ్డాడు.

"ఇది మెట్ల లైటమ్మా!"

సుద్దముక్క లాక్కుని కింది స్విచ్చు, పై స్విచ్చు గీసి, రెండూ ఒకేవైపు ఉంటే ఎందుకు ఆరుతుందో, చెరోవైపు ఉంటే ఎందుకు వెలుగుతుందో చెప్పాడు. పిల్లలకి ఒక్క దెబ్బకి అర్థమైపోయింది. చప్పట్లు కొట్టారు. "నేను కూడా ఇంత బాగా చెప్పలేదు మావయ్యా" అంది మేనకోడలు, మనస్ఫూర్తిగానే. మావయ్య ఆరోజు మెట్లు దిగలేదు, గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు.

ఇంటికొచ్చి గీతలు తీసేసి ఎక్సార్ పెట్టాడు. మీట నొక్కితే దీపం వెలిగింది. అదే మీట మళ్ళీ నొక్కితే ఆరింది. మిగతా దీపాల జోలికి పోలేదు. రోగి నొక్కితే వెలుగుతుంది, ఆయా వెళ్ళి అదే మీట నొక్కితే ఆరుతుంది. ఒకటే మీట, రెండు పనులు. ఇంత పొదుపైన పని తన జన్మలో చెయ్యలేదనుకున్నాడు.

"ఏదీ, నన్నొకసారి చూడనీ" అంది అత్తయ్య.

"వార్డులో పెట్టాక చూద్దువుగానిలే" అన్నాడు మావయ్య గర్వంగా. వార్డు గురించి ఆ ఇంట్లో అన్నీ తెలిసిన మనిషి ఆవిడొక్కతే. ఆవిణ్ణి అడగాలని మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు.

పాత గంట విప్పేసి పెట్టె వార్డులో పెట్టిన రోజు పొద్దుటి పూట అంతా బాగానే నడిచింది. ఎవరు నొక్కితే వాళ్ళ దీపం వెలిగింది, ఆయా వెళ్ళింది, ఆరింది. నర్సులు ముక్కున వేలేసుకున్నారు. మావయ్య ఏ పనీ లేకపోయినా నిచ్చెన భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగాడు.

మధ్యాహ్నం దాటాక ఐదో మంచం దగ్గర గొడవైంది. ఆవిడకి ముందురోజే ఆపరేషను. కళ్ళు తిరుగుతున్నాయని మీట నొక్కింది. ఎవరూ రాలేదు. చాలాసేపు చూసి, గోడ పట్టుకుని తనే లేచింది. మోకాళ్ళు నిలవక మంచం కోడు పట్టుకుని కిందికి జారి కూర్చుండిపోయింది. దెబ్బేం తగల్లేదు గాని అందరూ పరుగెత్తుకొచ్చారు.

"దీపం వెలగలేదండీ. ఎప్పుడు చూసినా ఐదోది ఆరే ఉంది. నేనెలా వెళ్ళేది?" అని కొత్త ఆయా గొల్లుమంది.

"ఆవిడ సరిగ్గా నొక్కి ఉండదు" అనేశాడు మావయ్య.

డాక్టరమ్మ అరవలేదు. "పెట్టె విప్పి తీసుకెళ్ళండి" అంది అంతే. అరిచి ఉంటే మావయ్యకి కాస్త సుఖంగా ఉండేది.

ఇంటికొచ్చి పెట్టె బల్ల మీద పడేసి, తీగ తీగా పరీక్షించాడు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఐదో మీట నొక్కాడు, ఐదో దీపం వెలిగింది. అరికాలి మంట నెత్తికెక్కింది. "నా పనిలో తప్పు లేదు. నొక్కడం రానివాళ్ళకి నేనేం చెయ్యను?" అని గోడలతో పోట్లాడుతుంటే అత్తయ్య తడిచెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏదీ, ఆ ఐదో మీట ఇలా ఇవ్వు."

తీగ సాగేంత దూరంలో నులక మంచం వాల్చి, పక్కకి తిరిగి పడుకుంది. ఒక చెయ్యి పొత్తికడుపు మీద వేసుకుంది. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి, టకటకటకటకా నొక్కింది. ఆగి, ఇంకోసారి టకటకా నొక్కింది.

మావయ్య దీపం వంక చూస్తున్నాడు. అది వెలిగి, ఆరి, వెలిగి, ఆరి, చివరికి ఆరిపోయి ఊరుకుంది.

"నువ్వు అన్నిసార్లు ఎందుకు నొక్కావే?"

"నొప్పిలో ఉన్న మనిషి ఒక్కసారి నొక్కి చేతులు కట్టుకుని కూర్చుంటుందటయ్యా? ఎవరైనా వచ్చేదాకా నొక్కుతూనే ఉంటుంది. రెండోసారి నొక్కితే వద్దులే అని కాదు, ఇంకా రాలేదేమని."

అన్నేళ్ళుగా మావయ్య దీపాలు వెలిగించి ఆర్పేవాళ్ళ కోసం స్విచ్చులు పెట్టాడు. సాయం కోసం నొక్కేవాళ్ళు వేరని ఒక్కసారీ అనుకోలేదు. బోర్డు మీద దీపం లేదని ఏడ్చిన ఆ కొత్త ఆయా ముఖం గుర్తొచ్చింది. సరిగ్గా నొక్కి ఉండదని తను అన్న మాట గుర్తొచ్చింది. గంట మోగినా ఆయా వెళ్ళలేదని తన భార్య గురించి అన్నదానికీ, దీనికీ తేడా ఏముంది? సిగ్గేసింది. తలొంచుకుని భార్య పక్కన మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"అయితే ఆర్పేదెవరు?" అన్నాడు.

"వెళ్ళినవాళ్ళు. ఇంకెవరు?"

"సరే, ఆర్పడానికి వేరే మీట పెడతా. నర్సుల బల్ల దగ్గర..."

"అస్సలు పెట్టకు!" అత్తయ్య లేచి కూర్చుంది. "అక్కడ పెడితే కూర్చున్నచోటినుంచే ఆర్పేస్తారు. మా ఆయాల సంగతి నాకు తెలీదా? మంచం కాళ్ళవైపు పెట్టు. పడుకున్నవాళ్ళకి అందకూడదు, వెళ్ళినవాళ్ళకి అందాలి."

ఆ ఆదివారం పెట్టె, కొత్త మీటలు పట్టుకుని క్లాసుకి ఇద్దరూ కలిసి వెళ్ళారు. మావయ్య రోషం ఇంటి దగ్గర వదిలేసి, తన రెండు గీతల భాగోతం మొత్తం మేనకోడలి ముందు పెట్టాడు. ఈసారి ఆ పిల్ల నవ్వలేదు.

"రెండు గీతలు పెడితే అది మొత్తం కలిపి ఒకే ప్రశ్న అడుగుతుంది మావయ్యా. ఎవరైనా పిలిచారా, లేదా? పిలిచారంటే ఒకటి. ఆ ఒకటి వెళ్ళి కుడి చివరి గడిలో కూర్చుంటుంది, అది నీ మొదటి మంచం. ఒక్క గీత పెడితే గడి గడికీ వెళ్ళి విడివిడిగా అడుగుతుంది."

"అంటే రెండు గీతలది మా పాత గంటేనన్నమాట" అంది అత్తయ్య.

మేనకోడలు ఆవిడ వంక చూసింది. తర్వాత మావయ్య వంక చూసింది. మావయ్య అప్పటికే పిల్లలందరివైపూ తిరిగి "మా ఆవిడ" అని చెప్తున్నాడు.

"ఒకటి ఉన్నచోట మళ్ళీ ఒకటి కలిపితే ఏమవుతుంది?" అని అడిగింది అత్తయ్య.

"ఒకటే ఉంటుంది అత్తా. ఎన్నిసార్లు కలిపినా అంతే."

"అదీ! పిలుపంటే అలా ఉండాలి."

ఆర్పడం ఎలాగో కూడా మేనకోడలు నల్లబల్ల మీద గీసి చూపించింది. ఒకటిని ఆ మంచం దాకా తోసి, తర్వాత గళ్ళన్నీ తిరగెయ్యాలి. ఒకటున్న చోట సున్నా, సున్నా ఉన్న చోట ఒకటి. అప్పుడు దాన్ని బోర్డుతో యాండ్ చెయ్యాలి. యాండ్ అంటే రెండుచోట్లా ఒకటి ఉంటేనే ఒకటి. ఒకటి ఎదురైన మంచాలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. సున్నా ఎదురైన ఆ ఒక్క మంచం దీపం ఆరుతుంది.

మావయ్య ఎక్సార్ తీసేశాడు. తీసేటప్పుడు కాస్త బాధపడ్డాడు, అబద్ధమెందుకు. దాని స్థానంలో ఒక్క నిలువు గీత పెట్టాడు. అంతటితో అయిపోయిందనుకున్నాడు గాని, అత్తయ్య ఒప్పుకోలేదు. అక్కడే, ఆ క్లాసులోనే పరీక్ష పెట్టింది. ఎనిమిది మంది పిల్లల్ని బల్లల మీద పడుకోబెట్టి తలా ఒక మీట చేతికిచ్చి, ఆర్పే మీట కాళ్ళవైపు పెట్టించింది. "మీకందరికీ నొప్పులొస్తున్నాయి. నొక్కండి!" అంది.

వాళ్ళకి ఆ మాట చాలు. గడ్డాలు మీసాలు అప్పుడే మొలుస్తున్న కుర్రాళ్ళు సహా "అమ్మో! అయ్యో! ఆయమ్మా!" అంటూ మీటలు అరిగిపోయేలా నొక్కారు. కింద సైకిలు షాపు అతను కంగారుగా పైకొచ్చి గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఎనిమిది దీపాలూ వెలిగాయి. వెలిగినవి వెలిగినట్టే నిలబడ్డాయి. అత్తయ్య మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి ఒక్కొక్కరి కాళ్ళవైపు మీట నొక్కితే వాళ్ళదొక్కటే ఆరింది. ఎవరిదీ పోలేదు. ఒకరి వల్ల ఇంకొకరిది చెరిగిపోలేదు. మావయ్య చెవి మీద పెన్సిలు ఎప్పుడు కింద పడిందో అతనికే తెలియదు. తన జీవితంలో ఎన్నో దీపాలు వెలిగించాడు గాని, కళ్ళు చెమ్మగిల్లింది మాత్రం ఆ ఎనిమిది బుల్లి దీపాల ముందే.

సోమవారం పొద్దున్న మళ్ళీ డాక్టరమ్మ గది తలుపు కొట్టాడు. ఈ మాట మళ్ళీ ఎత్తకూడదని ఆవిడ ముందే చెప్పింది. అందుకని పెట్టె మాట ఎత్తకుండా, "ఐదో మంచం ఆవిడ ఆరోజు సరిగ్గానే నొక్కిందమ్మా. తప్పు నాది. అది చెప్పిపోదామని వచ్చాను" అన్నాడు.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఎలా తప్పో చెప్పమంది. మావయ్య నిలబడే చెప్పాడు, మెట్ల లైటు దగ్గర్నుంచి మొదలుపెట్టి. ఆవిడ మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అంతా విని, పాత గంట కూడా మోగుతూ ఉండేలా పెట్టి, మరోసారి పెట్టి చూడమంది.

వారం తిరిగింది. పెట్టె మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ చెప్పాపెట్టకుండా వార్డులోకి వచ్చింది. ఖాళీగా ఉన్న మూడో మంచం మీద కూర్చుని మీట అందుకుంది. మావయ్య గుమ్మం పక్కన నిచ్చెన మీద ఉన్నాడు. ఆవిడ టకటకటకా నొక్కింది. ఆగి నొక్కింది. పట్టుకుని నొక్కింది. మూడో దీపం నిబ్బరంగా వెలుగుతూనే ఉంది. లేచి కాళ్ళవైపు మీట నొక్కింది. ఆరింది.

"ఎన్నిసార్లు పిలిచినా పిలిచినట్టే. బావుంది మావయ్యా. ఈ ఆలోచన మీకెలా వచ్చింది?"

నాదేనమ్మా అనేస్తే సరిపోయేది. మావయ్యకి గొప్పలు చెప్పుకోవడం కొత్త కాదు. కాని నిచ్చెన దిగి వచ్చి నిలబడ్డాడు.

"నాకు రాలేదమ్మా. ఆ ప్రోగ్రాములో ఒక నిలువు గీత ఉంది. పనంతా దానిదే. దాన్ని టైపు చేసింది నేను, పెట్టించింది మా ఆవిడ. మీ వార్డులో అన్నేళ్ళు చేసింది కాబట్టి పెట్టించింది."

డాక్టరమ్మ అత్తయ్యని పిలవమని కబురు పంపింది. అత్తయ్య చేతులనిండా మడతపెట్టిన దుప్పట్లతో అలాగే వచ్చింది, మళ్ళీ ఏం మూడిందోనని మావయ్య ముఖం చూస్తూ. కొత్త ఆయా ఆరో మంచం దగ్గర బిడ్డకి గుడ్డలు మారుస్తోంది. నర్సుల బల్ల మీద దీపాల బోర్డులో రెండోది, ఏడోది వెలుగుతున్నాయి.

"అంతా విన్నాను. ఆరోజు తప్పు మీది కాదు. అలా పంపించి ఉండాల్సింది కాదు" అంది డాక్టరమ్మ. "రేపటి నుంచి వార్డులోకి వచ్చెయ్యండి."

అత్తయ్య కళ్ళు డాక్టరమ్మ మీద లేవు. ఆవిడ భుజం మీంచి బోర్డు వైపు చూస్తున్నాయి. అక్కడ అప్పుడే నాలుగోది కూడా వెలిగింది.

"రేపటిదాకా ఎందుకమ్మా? నాలుగో మంచం పిలుస్తోంది" అంది. దుప్పట్ల దొంతర తీసి మావయ్య చేతుల్లో పెట్టేసి, కొంగు బిగించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ, చేతులనిండా దుప్పట్లతో మావయ్య, ఇద్దరూ బోర్డు ముందు నిలబడి చూశారు. కాసేపటికి నాలుగో దీపం ఒక్కటే ఆరింది. రెండోది, ఏడోది ఆవిడ కోసం వెలుగుతూనే ఉన్నాయి.